వీడియో క్యాసెట్టు యంత్రము: ఒక గృహస్మృతి చరిత్ర

తాళపత్రమునకును వీడియో క్యాసెట్టునకును సంబంధ మేమి యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. తెలుగు శాఖ ప్రాచీన గ్రంథములను పరిశీలించునది. క్యాసెట్టు నిన్న మొన్నటి వస్తువు. కాని యీ రెండింటికిని ఒక సమానధర్మము కలదు. రెండును శిథిలమగు పదార్థముమీద నిలిపిన స్మృతులు. ఒక ప్రతి చెడకముందే మఱియొక ప్రతి తీసికొననిచో రెంటియందలి విషయమును నశించును. భేద మొక్కటియే: తాళపత్రమును చదువుటకు కన్నులును లిపిజ్ఞానమును చాలును, క్యాసెట్టును చదువుటకు యంత్రము కావలెను. అట్టి యంత్రములను కడపట నిర్మించుచుండిన జపానుసంస్థ ఫునాయి 2016 జూలైలో ఆ పని మానుకొన్నది. అనగా గ్రంథము మిగిలి, చదువు కన్ను మూతపడుచున్న దన్నమాట.

ఈ వ్యాసమున ఆ యంత్ర మెట్లు పుట్టినది, ఎట్లు పనిచేసినది, గృహస్థునకు క్రొత్తగా నేమి యిచ్చినది, తెలుగిండ్లలో నెట్లు మెలగినది యను విషయములను క్రమముగా వివరించి, మిగిలిన టేపులయెడ మన కర్తవ్యమును కడపట సూచింతును. తెలుగువారు ముద్రించి చూపు యంత్రమును 'వి.సి.ఆర్.' అనియు, చూపుటకు మాత్రమే పనికివచ్చు యంత్రమును 'వి.సి.పి.' అనియు వ్యవహరించిరి. ఆ మాటలే ఇందును వాడబడినవి.

పూర్వరంగము

ధ్వనిని అయస్కాంతశక్తితో నిలుపవచ్చునని డెన్మార్కు దేశీయుడగు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కుతీగెమీద నిరూపించెను. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అను నాతడు తీగెకు బదులు కాగితపు పట్టీమీద ఇనుపపొడిని అంటించి టేపును కల్పించెను. 1935లో ఏ.ఇ.జి. సంస్థవారు బెర్లినులో ధ్వనిముద్రణ యంత్రమును ప్రదర్శించిరి. ఇంతవఱకు మార్గము సుగమము. దృశ్యమును నిలుపుట యట్లు కాదు.

మానవశ్రవణమునకు అందు ధ్వని సెకండునకు సుమారు 20,000 కంపనములతో ముగియును. దూరదర్శన దృశ్యమునకు సెకండునకు లక్షలకొలది కంపనములు కావలెను. టేపుమీద నింత సూక్ష్మమైన వ్రాత వ్రాయవలెనన్న, టేపు హెడ్డుముందు మిక్కిలి వేగముగా పరుగెత్తవలెను. 'హెడ్డు' అనగా టేపును తాకుచు వ్రాయునట్టియు చదువునట్టియు చిన్న అయస్కాంతము. మరమ్మతుదారులు నేటికిని ఆ పేరే వాడుదురు. బ్రిటిషు బి.బి.సి. వారు 1958లో ప్రదర్శించిన 'వేరా' యను యంత్రమున టేపు సెకండునకు 200 అంగుళముల వేగముతో పాఱెను. అంత పెద్ద చుట్టయు సుమారు 15 నిమిషములకే ముగిసెడిది. ఇది యింటికి వచ్చు మార్గము కాదు.

చిక్కు విడిన తీరు వేఱు. టేపును పరుగెత్తించుటకు బదులు హెడ్డునే త్రిప్పుట అను ఉపాయమును కాలిఫోర్నియాలోని యాంపెక్సు సంస్థవారు సాధించిరి. ఛార్లెస్ గిన్స్‌బర్గు నాయకుడుగా నున్న ఆ బృందమున, తరువాతి కాలమున ధ్వనిశోధనకు పేరుగాంచిన రే డాల్బీ యువకుడుగా పనిచేసెను. వారి యంత్రము 1956 ఏప్రిల్ 14న షికాగో నగరమున ప్రసారసంస్థల సభలో ప్రదర్శింపబడెను. రెండంగుళముల వెడల్పు టేపు సెకండునకు 15 అంగుళములు మాత్రమే సాగుచుండ, దానికి అడ్డముగా నాలుగు హెడ్లు నిమిషమునకు 14,400 చుట్లు తిరుగుచు వ్రాసినవి. అదే సంవత్సరము నవంబరు 30న అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థవారు ఈ యంత్రముతో ముద్రించిన వార్తలను ప్రసారము చేసిరి. అయినను దాని వెల సుమారు 50,000 డాలర్లు, పరిమాణము బీరువాలంత. ప్రసారసంస్థలకే గాని గృహస్థులకు అందునది కాదు.

వాలుగీతల మర్మము

ఇంటికి దారి చూపినది వాలుగా వ్రాయు పద్ధతి. జర్మనీలో ఎడువర్డ్ షుల్లరును, జపానులో తొషీబా సంస్థకు చెందిన నొరికాజు సవజాకియు 1950 దశకమున ఈ మార్గమున కృషిచేసిరి. దీని యంత్రరచన సామాన్యులకు దుర్గ్రాహ్య మనుకొందురు గాని, వి.హెచ్.ఎస్. యంత్రమునే ఉదాహరణముగా గైకొన్నచో సులభముగనే బోధపడును.

యంత్రము నడుమ 62 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్రని లోహపు దిమ్మె కలదు. దానిని 'డ్రమ్ము' అందురు. అది నిట్టనిలువుగా గాక కొంచెము వాలియుండును. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు అమర్చబడియుండును. క్యాసెట్టును లోనికి త్రోసినంతనే, యంత్రము టేపును వెలికి లాగి డ్రమ్ముచుట్టును సగముకంటె కొంచె మెక్కువగా చుట్టును. మన దేశపు పద్ధతిలో డ్రమ్ము నిమిషమునకు 1,500 సారులు, అనగా సెకండునకు 25 సారులు తిరుగును. తిరిగిన ప్రతి సారియు రెండు హెడ్లును చెఱి యొక వాలుగీత వ్రాయును. ఒక్కొక్క గీత అర్ధచిత్రము. రెండు గీతలు కలిసి ఒక పూర్ణచిత్రము. ఇట్లు సెకండునకు 25 చిత్రములు.

ఇందలి లాభమును లెక్కవేసి చూతము. డ్రమ్ము చుట్టుకొలత సుమారు 195 మిల్లీమీటర్లు. సెకండునకు 25 చుట్లు తిరుగుటచే హెడ్డు టేపుమీద సెకండునకు సుమారు 4.85 మీటర్ల వేగముతో వ్రాయును. టేపు మాత్రము సెకండునకు 2.34 సెంటీమీటర్లే సాగును. అనగా వ్రాత టేపు నడకకంటె రెండువందల రెట్లు వేగము. మూడు గంటల దృశ్యమునకు సుమారు 253 మీటర్ల టేపు చాలును. హెడ్డు కదలక, టేపే ఆ వేగముతో పరుగెత్తవలసి యుండినచో, అదే మూడు గంటలకు 52 కిలోమీటర్ల టేపు కావలసివచ్చెడిది!

పొదుపు ఇంతటితో ముగియలేదు. ఈ గీతల వెడల్పు మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. గీతకును గీతకును నడుమ ఖాళీ విడువక ఒరసి వ్రాసిరి. అట్లయిన నొక హెడ్డు ప్రక్క గీతను గూడ చదివి చిత్రమును కలగాపులగము చేయదా యను సందేహము పుట్టును. దానికి పరిహారముగా ఒక హెడ్డు పాళీని ఆఱు డిగ్రీలు ఒక వైపునకును, రెండవదాని పాళీని ఆఱు డిగ్రీలు రెండవ వైపునకును ఒఱగజేసిరి. ఏ పాళీతో వ్రాసిన గీత ఆ పాళీకే స్పష్టముగా తెలియును; రెండవదానికి అది కేవలము అస్పష్టమైన సందడి. ఒకే ఆకుమీద దగ్గఱదగ్గఱగా రెండు చేతివ్రాతలున్నను, ఎవరి వ్రాతను వారే చదువుకొన్నట్లు.

ఈ యమరిక యెంత నిపుణమైనదో అంత సుకుమారమైనది. హెడ్డుమీద ధూళి చేరినచో తెఱమీద మంచు కురిసినట్లు చుక్కలు పడెడివి. ఒక యంత్రమున వ్రాసిన గీతలు మఱియొక యంత్రపు హెడ్డుదారిలో సరిగా పడనిచో చిత్రపు క్రిందిభాగమున చాఱలు కనబడెడివి. అప్పుడు 'ట్రాకింగు' మీటను త్రిప్పుచు, చాఱలు తొలగువఱకు ఇంటిల్లిపాదియు తెఱవంక చూచుచుండుట చాలమందికి జ్ఞాపక ముండవచ్చును.

ఇంటికి వచ్చిన దారి

1965లో సోనీ సంస్థవారు గృహోపయోగార్థము ఒక యంత్రమును విక్రయించిరి గాని, అందు టేపు విడిచుట్టగా నుండుటచే దానిని ఎక్కించుట నేర్పరులకే సాధ్యమయ్యెను. 1971లో ఆ సంస్థవారే 'యూమాటిక్' అను క్యాసెట్టు పద్ధతిని వెలువరించిరి. అది బరువైనది, ఖరీదైనది. విద్యాలయములకును వార్తాసంస్థలకును ఉపయోగించినది. 1972లో యూరోపున ఫిలిప్సు వారు కాలనియంత్రణము గల యంత్రమును గృహములకొఱకు తెచ్చిరి. 1975 మేలో సోనీవారి 'బేటామ్యాక్స్' జపానులో విడుదలయ్యెను. ఈ పేరు భాషాశాస్త్రాభిమానులకు ఆసక్తి కలిగించునది. జపానుభాషలో 'బేటా' యనగా కుంచెవ్రాతలో సందు విడువక పూర్తిగా నింపిన గీత. గీతలనడుమ ఖాళీ లేని ముద్రణపద్ధతికి అది సార్థకనామము. టేపు డ్రమ్మును చుట్టు తీరు గ్రీకు అక్షరమగు బీటాను పోలియుండుట మఱియొక కారణము.

బేటామ్యాక్సు చిత్రము స్పష్టమైనది, క్యాసెట్టు చిన్నది. కాని తొలుదొలుత ఒక క్యాసెట్టులో ఒక గంట మాత్రమే ముద్రణమునకు వీలుండెను. సాధారణమైన చలనచిత్రము అందు పట్టదు. ఈ లోపమును మఱియొక జపాను సంస్థ యగు జె.వి.సి. ముందే ఊహించినది. దూరదర్శనపు ఆదిపురుషులలో నొకడగు కెంజిరో తకయనగి పనిచేసిన సంస్థ యది. అచ్చటి ఇంజనీర్లు షిజువో తకానో, యూమా షిరాయిషి యనువారు 1971లో గృహయంత్రమున కుండవలసిన లక్షణములను పట్టికగా వ్రాసికొనిరి. ఇంటిలోని సాధారణ దూరదర్శన పేటికకు అది కలుపదగి యుండవలెను. కనీసము రెండు గంటలు ముద్రింపవలెను. నడుపుటయు మరమ్మతు చేయుటయు సులభముగ నుండవలెను. ఇతర సంస్థల యంత్రముల టేపులు అందు ఆడవలెను. 1972లో సంస్థకు నష్టములు వచ్చి ఆ పని నిలిపివేయబడినను, వా రిరువురును రహస్యముగా దానిని కొనసాగించిరి. యంత్రమునుండి ఆరంభింపక గృహస్థుని అవసరమునుండి ఆరంభించుట వారి విశిష్టత. 1976 అక్టోబరు చివరను జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. యంత్రము జపానులో అమ్మకమునకు వచ్చెను.

తరువాతి పోరు సువిదితమే. జె.వి.సి. వారు తమ పద్ధతిని ఇతర సంస్థలకు ధారాళముగా అనుమతించిరి. మత్సుషితా సంస్థ వారికి అండగా నిలిచెను. అమెరికాలో ఆర్.సి.ఏ. వారు 1977లో నాలుగు గంటలు ముద్రించు వి.హెచ్.ఎస్. యంత్రమును విక్రయింపసాగిరి. 1988లో సోనీవారే వి.హెచ్.ఎస్. యంత్రములను నిర్మించుటకు ఒప్పుకొనిరి. మేలైన చిత్రము ఓడి మధ్యమచిత్రము గెలిచినదని కొందఱు వాపోవుదురు. గృహస్థునకు కావలసినది తునకలు కాని కథ, పొరుగింటి యంత్రమున నాడు టేపు. ఆ రెంటిని ఇచ్చిన పద్ధతి గెలుచుట న్యాయమే యని నా యభిప్రాయము.

కాలము ఎవరిది?

అంతవఱకు దూరదర్శన కార్యక్రమము నదీప్రవాహమువంటిది. ప్రసారవేళకు తెఱయెదుట ఉన్నవానికే అది దక్కెడిది, లేనివానికి పోయినదే. వి.సి.ఆర్. గృహస్థుని చేతికి కాలమును అప్పగించెను. ఇంట లేని వేళ వచ్చు కార్యక్రమమును యంత్రమే ముద్రించి యుంచును. అతడు తీఱికవేళ చూచుకొనును. ఈ క్రొత్త అధికారము కొందఱకు రుచింపలేదు. అమెరికాలో యూనివర్సల్, డిస్నీ చిత్రసంస్థలవారు 1976లో సోనీసంస్థపై వ్యాజ్యము తెచ్చిరి. గృహముద్రణము గ్రంథస్వామ్యమునకు భంగకరమనియు, అట్టి యంత్రమును అమ్మినవారు అపరాధులనియు వారి వాదము. క్రింది న్యాయస్థానము 1979లో సోనీకి అనుకూలముగను, పై న్యాయస్థానము 1981లో ప్రతికూలముగను తీర్పిచ్చెను. తుదకు 1984 జనవరి 17న అమెరికా సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, నలుగురు విభేదింపగా, సోనీ పక్షమున నిర్ణయించెను. తరువాత చూచుకొనుటకై ఇంటిలో ముద్రించుకొనుట న్యాయమైన వినియోగమే యనియు, న్యాయసమ్మతమైన ఉపయోగములు గణనీయముగా గల వస్తువును అమ్ముట అపరాధము కాదనియు దాని సారాంశము. పిల్లల కార్యక్రమములకు పేరుపొందిన ఫ్రెడ్ రోజర్సు, తన కార్యక్రమములను కుటుంబములు ముద్రించి వీలైనవేళ చూచుకొనుట తనకు సమ్మతమే యని యిచ్చిన సాక్ష్యమును న్యాయస్థానము పేర్కొనెను.

వ్యాజ్యమునకు దిగిన పరిశ్రమయే క్రమముగా క్యాసెట్టువలన లాభము పొందుట చరిత్రలోని వింత. 1977లో ఆండ్రే బ్లే యను నాతడు ట్వెంటియెత్ సెంచరీ ఫాక్సు వారినుండి 50 చిత్రముల హక్కులు పొంది క్యాసెట్లుగా విక్రయించెను. అదే సంవత్సరము లాస్ ఏంజెలెస్ నగరమున జార్జి అట్కిన్సన్ వానిని అద్దె కిచ్చు దుకాణము తెఱచెను. క్యాసెట్టు అద్దె దుకాణ మను క్రొత్త వర్తకమున కది నాంది.

భారతదేశమునను ఇదే చిక్కు వేఱొక రూపమున తలయెత్తెను. ఇచ్చట భయపెట్టినది ఇంటి ముద్రణము కాదు, దొంగప్రతులు. క్రొత్తచిత్రము విడుదలయైన కొలది దినములకే దాని దొంగప్రతి అద్దె దుకాణములకు చేరుచుండెను. అందుచే 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము 1984లో సవరింపబడినది. వీడియో చిత్రముల ప్రతులపై హక్కుదారుల వివరములు చూపవలెననియు, ఉల్లంఘించినవారికి ఆఱు మాసములనుండి మూడు సంవత్సరములవఱకు కారాగారశిక్ష యనియు నియమించిరి.

తెలుగిండ్లలో

హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో ఆరంభమైనది. 1982లో ఆసియా క్రీడల సందర్భమున దేశమున వర్ణప్రసారములు వచ్చినవి. వర్ణపేటిక వెంట వి.సి.ఆర్. తెలుగునాట అడుగుపెట్టెను. కరీంనగరము, కడప, కోనసీమ మొదలగు సీమలనుండి గల్ఫుదేశములకు పోయినవారు సెలవులకు వచ్చునపుడు దానిని వెంట తెచ్చుట పరిపాటి యయ్యెను. పెట్టె విప్పిననాడు వీధి వీధియంతయు ఆ యింటి వసారాలో చేరెడిది.

కొనలేనివారికి అద్దె దుకాణము దిక్కయ్యెను. వర్ణపేటికయు, వి.సి.పి.యు, మూడు క్యాసెట్లును ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవాఱువఱకు వరుసగా మూడు చిత్రములు చూచి, ఉదయము తిరిగి ఒప్పజెప్పుట ఆనాటి వేడుక. నడుమ కరెంటు పోయినచో ఎవరును లేచి పోయెడివారు కారు. తిరిగి వచ్చువఱకు అచ్చటనే ఒఱగి కథను తర్కించుకొనెడివారు. మన చలనచిత్రములు రెండున్నఱ గంటలకు తక్కువ కానివి. 180 నిమిషముల క్యాసెట్టు వానికి కొలిచి కుట్టినట్లుండెను. చూచి ముగించిన టేపును వెనుకకు త్రిప్పి యిచ్చుట మర్యాద. త్రిప్పక యిచ్చినవానిపై దుకాణదారు విసుగుకొనుటయు కద్దు.

సొంతముగా వి.సి.ఆర్. గలవారు శుక్రవారపు 'చిత్రలహరి' పాటలను, ఆదివారపు 'రామాయణ' ధారావాహికను ముద్రించుకొనిరి. క్యాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్కు పలుక యొకటి యుండును. దానిని విఱిచివేసినచో ఆ టేపుమీద మఱల ముద్రించుట సాధ్యము కాదు. మనసు మాఱినచో ఆ కన్నముపై అంటుకాగితము అతికించిన చాలును. ఏ స్మృతిని శాశ్వతము చేయవలెను, దేనిపై మఱియొకదానిని వ్రాయవచ్చును అను నిర్ణయము ఆ చిన్న పలుకలో నిమిడియుండెను. ఒక ఇంట అట్లు విఱువక విడిచిన పిల్లవాని అన్నప్రాశనపు టేపుమీద క్రికెట్టు పోటీ ముద్రితమగుటయు జరిగినది. పాతవ్రాతను చెఱపి అదే చర్మపత్రముమీద క్రొత్తగ్రంథమును వ్రాసిన పాశ్చాత్య లేఖకులు ఈ సందర్భమున స్మరణకు వత్తురు. ఆ చర్మములందు పాతవ్రాత లీలగా మిగులును. టేపున నదియు మిగులదు.

వార్తారంగమున గూడ క్యాసెట్టు ఒక పని చేసినది. దూరదర్శన ప్రసారము సర్వము ప్రభుత్వాధీనమై యున్న దినములలో, 1988లో ఇండియా టుడే సంస్థవారు 'న్యూస్‌ట్రాక్' అను వీడియో మాసపత్రికను వెలువరించిరి. ప్రసారానుమతి యక్కఱలేక వార్త ఇంటింటికి చేరు మార్గము క్యాసెట్టువలన నేర్పడెను.

సముద్రాంతరములకు పోయిన తెలుగువారికి క్యాసెట్టు జాబువంటి దయ్యెను. పెండ్లికి రాలేని కుమారునకు పెండ్లి టేపు పోయెడిది. కాని యిచ్చట నొక విఘ్నము. మన దేశపు పద్ధతి 625 గీతలు, సెకండునకు 50 అర్ధచిత్రములు. అమెరికా పద్ధతి 525 గీతలు, 60 అర్ధచిత్రములు. ఇచ్చటి టేపు అచ్చటి సామాన్యయంత్రమున సరిగా ఆడదు. అన్ని పద్ధతుల నెఱిగిన యంత్రము కొనుటయో, మార్పించి ప్రతి తీయించుటయో తప్పదు. తల్లిదండ్రుల ముఖము చూచుటకు లిప్యంతరీకరణము కావలసివచ్చెనని చెప్పవచ్చును.

పాఠపరిష్కర్తకు ఇచ్చట పరిచితమైన విషయ మొకటి కలదు. టేపునుండి టేపునకు ప్రతి తీసిన ప్రతిసారియు చిత్రము కొంత మసకబాఱును. అద్దె దుకాణములలోని దొంగప్రతులు ప్రతికి ప్రతికి ప్రతులు. కొన్నింటిలో నటుని కన్ను ముక్కు తెలియవు. లేఖకుల ప్రమాదములు తరతరమునకు పెరిగినట్లే యిదియు. కావున టేపుల విషయమునను మాతృకకు సమీపమైన ప్రతియే ప్రమాణము.

పెండ్లి టేపులు, పెండ్లిపాటలు

తెలుగువారి వీడియో స్మృతిలో పెద్దభాగము పెండ్లి టేపులే. వీనిని హాస్యముగా చూచుట కలదు. వధూవరుల ముఖములు హృదయాకారములలో తిరుగుట, పూవులు రాలుట మొదలగు కూర్పులు నేడు నవ్వు పుట్టించును. కాని జానపదవాఙ్మయ పరిశోధకునకు ఇవి అమూల్యసాధనములు. తలంబ్రాల వేళ ముత్తైదువలు పాడిన పాట, అప్పగింతల పాట, బంతిభోజనపు వేళాకోళములు, ఆయా కులములయు సీమలయు ఆచారభేదములు, వంటవారి పలుకుబడి – ఇవి యన్నియు ఏ పరిశోధకుడును అడుగకయే సహజస్థితిలో ముద్రితములై యున్నవి. పరిశోధకుని యెదుట పాడినపుడు గొంతునకు బిగువు వచ్చును. పెండ్లిలో పాడినపుడు అట్లు కాదు.

విచారింపదగిన విషయ మొకటి. పెక్కు పెండ్లి టేపులలో కూర్పు చేయువారు అసలు ధ్వనిని తొలగించి సినిమా పాటలను నింపిరి. అవ్వ నోరు కదలుచుండును. వినబడునది సినిమాగాయని కంఠము. అది యానాటి అభిరుచి. వారిని నిందించి ప్రయోజనము లేదు. కాని కూర్పునకు ముందటి మూలపు టేపు ఎక్కడనైన మిగిలియున్నచో, అవ్వ పాట అందే యుండును.

స్వానుభవ మొకటి చెప్పుట అనుచితము కాదనుకొందును. మా యింట 1989లో జరిగిన పెండ్లికి రెండు టేపులు కలవు. కూర్చినదానిలో మా మేనమామల తల్లి పాడిన అప్పగింతల పాటకు బదులు సినిమా పాట యున్నది. మూలపు టేపు అటకమీద మిగిలినదని తెలిసి నేను సంతోషించి, దానిని పట్టణములోని యొక మరమ్మతు దుకాణమున కిచ్చితిని. టేపు అంచున తెల్లని బూజు పట్టియుండెను. దుకాణమువారు దానిని తుడువకయే యంత్రమున నాడించిరి. హెడ్లు మూసికొనిపోయి, టేపు డ్రమ్మునకు అంటుకొని, పాట రెండవ చరణముకడ తెగిపోయెను. మొదటి చరణము మాత్రము దక్కినది. ఆమె చనిపోయి ఇరువది యేండ్లయినది. ఆ పాట తెలిసినవారు ఇప్పు డెవరును లేరు. తప్పు దుకాణమువారిది మాత్రమే కాదు. ముప్పది యేండ్లు అటకమీద విడిచిన నాదియు.

కర్తవ్యము

టేపు పైపూత అయస్కాంతచూర్ణమును బంకతో పలుచని ప్లాస్టిక్కు పట్టీకి అంటించినది. తేమ ఆ బంకను క్రమముగా చెఱచును. మన తీరప్రాంతముల వానకాలము బూజునకు అనుకూలము. కొత్త యంత్రములు లేవు. పాతవానికి హెడ్లు దొరకవు. మరమ్మతు నెఱిగిన చేతులు తగ్గుచున్నవి. ఈ మూడును ఒక్కసారి కూడివచ్చుటయే ఆపద. ఆస్ట్రేలియా దేశపు జాతీయ చలనచిత్ర ధ్వనిభాండాగారమువారు 2015లోనే, 2025 నాటికి డిజిటల్ రూపమునకు మార్చని టేపులు చాలవఱకు దక్కవని హెచ్చరించిరి. ఆ గడువు మన కాలముననే పడినది.

ఒక్క వ్యక్తి సైతము ఎంత కాపాడగలదో తెలియుటకు ఫిలడెల్ఫియా నగరమునందలి మేరియన్ స్టోక్సు ఉదాహరణము. పూర్వము గ్రంథాలయోద్యోగిని యగు ఆమె 1970 దశకపు చివరనుండి 2012లో మరణించువఱకు తన యింట పలు యంత్రములు పెట్టి అమెరికా దూరదర్శన వార్తలను రాత్రింబవళ్లు ముద్రించెను. మిగిలిన క్యాసెట్లు సుమారు 70,000. ఇరుగుపొరుగువారికి వెఱ్ఱిగా తోచిన ఆ పని నేడు చరిత్రకారులకు నిధి. ఆ టేపులను ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థవారు స్వీకరించిరి.

తెలుగువారికి ఇట్టి సేవ క్రొత్త కాదు. సి.పి. బ్రౌను కడపలో పండితులను నియమించి తాళపత్రములను సేకరింపించి, ప్రతులు వ్రాయించి, పాఠములను సరిచూపించెను. ఆ పని జరుగకున్నచో మన గ్రంథము లెన్ని దక్కెడివో యూహింపవచ్చును. లేఖకులు గ్రంథాంతమున, నీటినుండియు నూనెనుండియు ఈ పుస్తకమును కాపాడుడని చదువరులను వేడుకొనుట ఆచారము. టేపునకు అట్టి గద్యము లేదు. ఆ మాట మనమే చెప్పవలెను.

కావున కొన్ని సూచనలు. బూజుపట్టిన టేపును తుడిపింపక యంత్రమున పెట్టరాదు. టేపులను పఱుండబెట్టక నిలువుగా, చల్లని పొడిచోట నుంచవలెను. కూర్చిన టేపుకంటె మూలపు టేపును ముందు ప్రతి తీయింపవలెను. మొదటిసారి యాడించుటయే కడసారి కావచ్చును గనుక, ఆ మొదటి యాటలోనే డిజిటల్ ప్రతి తీసికొనవలెను. ఎవరి పెండ్లి, ఏ యూరు, ఏ సంవత్సరము, పాడినవా రెవరు అను వివరములను, చెప్పగల పెద్దలు బ్రదికియుండగనే క్యాసెట్టుమీద వ్రాయవలెను. మన శాఖవంటివి మంచి యంత్రములు రెండుమూడు సంపాదించి, ఊరివారి టేపులకు ఉచితముగా ప్రతులు తీసి యిచ్చి, పాటలు హరికథలు అవధానములు గల వాని ప్రతు లొక్కొక్కటి, వారి సమ్మతితో, తమకడ నుంచుకొనవచ్చును. ఇది పెద్ద వ్యయము కాదు. ఆలస్యమునకు మాత్రము తావు లేదు.

వీడియో క్యాసెట్టు యంత్రమునకు నివాళి యర్పించుట యనగా దాని పెట్టెను అలంకారముగా దాచుట కాదు. నలుబదియేండ్ల క్రిందట సామాన్యగృహస్థునకు తన యింటి కాలమును తాను నిలుపుకొను శక్తి నిచ్చిన యంత్ర మది. అది తన పని చేసినది. అటకమీది టేపులను దింపుట మన వంతు.